తల్లిచేపను తీసుకెళ్లిందెవరు?

"గాజు ముక్కలేవి?" అని అడిగింది యాదలక్ష్మి.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ విశ్వేశ్వరరావు తల ఎత్తలేదు. గుమ్మానికి ఆనుకుని ఫోన్‌లో ఎవరికో మెసేజ్ కొట్టుకుంటున్నాడు. యాదలక్ష్మి ఆ గదిలోకి రావడమే ఆయనకు ఇష్టం లేదు. చనిపోయినవాడి భార్య "చూసుకోనివ్వండి" అనబట్టి ఊరుకున్నాడు.

ఎల్బీనగర్‌లో ఆ ఇంటి వెనక గది మొత్తం చేపలదే. మూడు గోడల పొడుగునా గాజు ట్యాంకులు. దిల్‌సుఖ్‌నగర్‌లో రంగుచేపల దుకాణం నడిపే చక్రపాణి నిన్న సాయంత్రం ఈ గదిలోనే శవమై కనిపించాడు. మూల ట్యాంకులో కుడిచెయ్యి మోచేతి దాకా మునిగి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. కింద నేలంతా తడి. నీళ్లు వెచ్చబెట్టే హీటరు గాజు గొట్టం పగిలి కరెంటు నీళ్లలోకి దిగింది.

రాత్రికి రాత్రే పోలీసులు సాయినాథ్ అనే డిగ్రీ కుర్రాణ్ణి ఎత్తుకెళ్లారు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో దుకాణాలు మూయించే కుర్రాళ్లలో వాడొకడు. నిన్న షట్టర్ దించేటప్పుడు చక్రపాణి వాడి చెంప పగలగొట్టాడు. వాడు అదేదో తేల్చుకుంటానని ఇంటిదాకా వచ్చాడు. వచ్చినట్టు వాడే ఒప్పుకున్నాడు. వాడి అక్క మౌనిక పొద్దున్నే యాదలక్ష్మి డిటెక్టివ్ ఆఫీసుకొచ్చి, ఏడుపు ఆపుకుంటూ ఒకే మాట చెప్పింది: "మా తమ్ముడు లొల్లి పెట్టుకుంటడు అక్కా, చంపడు."

"నిన్నే విశ్వేశ్వర్. పెనుగులాటల హీటరు పగిలిందంటున్నవు గద. మరి గాజు ముక్కలు నీళ్లల్ల ఉండాలె. ఒక్కటన్న లేదు."

"మా కానిస్టేబుల్ తీసి ఉంటడు."

"అడిగిన. తీయలేదట."

విశ్వేశ్వరరావు ఫోను జేబులో పెట్టుకున్నాడు. "చూడు యాదలక్ష్మీ. నువ్విప్పుడు ప్రైవేటు మనిషివి. భర్తల మీద భార్యలు పెట్టే కేసులు చూసుకో. హత్యలు మాకు ఒదిలెయ్."

ఆమె కడుపులో పాత మంట భగ్గుమంది. ఇద్దరూ ఒకే ఏడాది ఎస్సైలుగా చేరారు. అబ్దుల్లాపూర్‌మెట్ హైవే మీద లారీ డ్రైవర్లను చంపే ముఠాను ఎండలో వానలో తిరిగి పట్టుకున్నది యాదలక్ష్మి. పతకం, ప్రమోషన్ విశ్వేశ్వరరావుకు వచ్చాయి. ఆ ఏడాదే ఆమె ఉద్యోగం వదిలేసింది. ఇప్పటికీ ఆయన భుజం మీద నక్షత్రాలు చూస్తే తన సొమ్మేదో ఎవరో తొడుక్కుని తిరుగుతున్నట్టే ఉంటుంది.

"సాయినాథ్ వచ్చినప్పుడు కరెంటున్నదా?" అని అడిగింది.

"ఏమో. ఉంటది."

యాదలక్ష్మి కిటికీలోంచి ఎదురింటి అండాలమ్మను పిలిచింది. ముసలామె గుమ్మం దాకా వచ్చి, ఇన్‌స్పెక్టర్‌ను చూసి కొంగు సర్దుకుంది.

"నిన్న జరిగింది జర చెప్పు పెద్దమ్మా."

"ఏముంది బిడ్డా. బొగ్గు లేదంట, పగటీలి కరెంటు తీసేసిన్రు. బువ్వ తిన్నంక ఉడుకపోస్తుంటె అరుగు మీద కూసున్న. చక్రపాణి దుకాణం మూసుకొని వచ్చిండు. ఎన్కనే గా పిలగాడు వచ్చిండు. లోపట లొల్లి లొల్లి. జర సేపటికి పిలగాడు తిట్టుకుంట ఎల్లిపోయిండు. వాడు పోయినంక కరెంటు వచ్చింది. నేను పోయి టీవీ పెట్టుకున్న."

"పిలగాడు మళ్ల రాలేదు గద?"

"నా టీవీ గుమ్మానికి ఎదురుంగనే ఉంటది. వస్తే కనబడడా?"

విశ్వేశ్వరరావు నవ్వాడు. "కరెంటు లేకపోతే ఇన్వర్టర్ ఉన్నది. అగో."

యాదలక్ష్మి వెళ్లి మెయిన్ స్విచ్ దించేసింది. ఫ్యాను ఆగింది. గదిలో చీకటి కమ్మింది. కానీ ట్యాంకుల్లో గాలి బుడగలు ఆగలేదు. ఇన్వర్టర్ మీద గాలి పంపులు గురగురమంటూనే ఉన్నాయి. హీటర్ల మీది చిన్న ఎర్రదీపాలు మాత్రం అన్నీ ఆరిపోయాయి.

"ఇన్వర్టర్ గాలికి మాత్రమే. హీటర్లకు లేదు," అంది. "సాయినాథ్ ఉన్నంత సేపు గా హీటరు ఉత్త గాజు గొట్టం. వాడు పోయినంకనే అది మనిషిని చంపింది."

విశ్వేశ్వరరావు మొహం గంటుపెట్టుకున్నాడు. "వాడు పగలగొట్టి పోయిండు, కరెంటు వచ్చినంక ఈయన చెయ్యి పెట్టిండు. అయినా హత్యే. రేపు పొద్దున రిమాండ్‌కు పంపుతున్న. నీ తెలివంతా జడ్జి ముందట చూపెట్టుకో." బూట్లు టకటకలాడిస్తూ బయటికెళ్లాడు.

యాదలక్ష్మి మెయిన్ ఎత్తి మూల ట్యాంకు ముందు కూర్చుంది. మధ్యలో గోపురంలాంటి మట్టి దిమ్మ తప్ప అందులో ఏమీ లేదు. పక్క ట్యాంకులో పళ్లెంలాంటి గుండ్రటి నీలం చేప ఒక్కటే ఉంది. ఆమె వంగగానే అది నల్లబడిపోయి మూలకు దూరింది.

"కొత్తవాళ్లను చూస్తే అలాగే భయపడుతుందండి. నన్ను చూసినా అంతే," అంటూ లోపలికొచ్చింది తేజస్విని. జువాలజీ చదివిన అమ్మాయి. మీర్‌పేటలో ఉంటుంది. ఏడాదిగా చక్రపాణి దగ్గర పనిచేస్తోంది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"ఈ ట్యాంకు ఖాళీగ ఎందుకున్నది?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి. ఇందులో తల్లీ పిల్లలూ ఉండాలి. ఇది తండ్రి. పిల్లలు తన దగ్గరికే రావాలని తల్లిని పొడుస్తుంటే వేరు చేశారు. డిస్కస్ చేపలంటే అంతే, పిల్లల కోసం కొట్టుకుంటాయి."

"పిల్లలు ఎంతటివి?"

"ఇంకా కంటికి ఆనవండి. ఆ దిమ్మ మీద గుడ్లు పెడుతుంది. రెండు మూడు రోజులకు గుడ్లు పగిలి పిల్లలొస్తాయి. అప్పుడు అవి చేపల్లా ఉండవు. పొట్టకింద పచ్చసొన సంచి వేలాడేసుకుని, తల దిమ్మకు అంటించి తోక ఆడిస్తూ ఉంటాయంతే. ఆ సంచి కరిగాక ఈదడం వస్తుంది. ఈదడం రాగానే పోయి తల్లి ఒంటికి అంటుకుంటాయి. దాని చర్మం మీద జిగురు ఊరుతుంది. అదే వాటికి పాలు."

"తల్లి లేకపోతే?"

"ఒక్కటీ బతకదండి. ఇవి మొన్ననే తల్లి ఒంటికెక్కాయి."

"నిన్న నువ్వు వచ్చినవా?"

"నిన్న ట్యాంకులు కడిగే వంతు నాదే. బస్సుల్లేవు కదండీ. మా మీర్‌పేట వైపు ఆటోలు కూడా రాలేదు. రాలేకపోయాను."

యాదలక్ష్మి ఖాళీ ట్యాంకు వైపు చూస్తూ ఉండిపోయింది. చంపాలని వచ్చినవాడు చేపను ఎందుకు తీసుకెళ్తాడు? పోనీ దొంగ అనుకుంటే, కంటికి ఆనని పిల్లల్ని కూడా తల్లితో పాటు జాగ్రత్తగా ముంచుకుపోయాడు. ఆ పిల్లలు దేనితో బతుకుతాయో తెలిసినవాడై ఉండాలి. తెలియడమే కాదు, అవి చస్తే ఓర్చుకోలేని వాడై ఉండాలి.

హాల్లో చక్రపాణి భార్య శేషారత్నం గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదుటి గోడ నిండా కొత్త ఫ్లెక్సీ. వచ్చేవారం చెన్నైలో రంగుచేపల ప్రదర్శన కోసం చేయించింది. చక్రపాణి నవ్వుతూ ఉన్నాడు, పక్కన తేజస్విని. మధ్యలో నీలం చేప. కింద పెద్ద అక్షరాలతో దాని పేరు: 'తేజస్విని బ్లూ'.

"నిన్న మీరు ఎక్కడున్నరమ్మా?"

"సైదాబాద్‌లో మా అక్కయ్యగారింట్లో. పొద్దున్నే వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి ఇలా అయింది."

"చేపల పని మీకు తెలుసా?"

"నాకేం తెలుసండీ. ఆ గదిలోకి నన్ను రానివ్వరు. అవన్నీ ఆయనా, ఆ అమ్మాయీ చూసుకునేవారు." ఆమె కళ్లు ఫ్లెక్సీ వైపు వెళ్లి వెంటనే కిందికి వాలాయి.

"తల్లిచేప కనబడుతలేదు. ఎవరి మీదన్న అనుమానమున్నదా?"

"వెంకట్రావని, ఈయన పాత భాగస్వామి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా దుకాణం వెనక సందులోనే ఆయన దుకాణం. ఈయన పేరెత్తితేనే పళ్లు కొరుకుతాడు."

అంటూనే లేచి చేపల గది గుమ్మం దాకా నడిచింది. "తేజూ, మగచేప నీళ్లు మురిగిపోయినట్టున్నాయమ్మా. ఈ గొడవలో అది కూడా చస్తుంది. కాస్త మార్చి వెళ్తావా? ముందు నేను దాన్ని బకెట్లోకి తీసిపెడతాలే."

ఆమె దగ్గరికి రాగానే మూలకు నక్కిన నీలం చేప మెల్లగా కదిలింది. ఒంటి మీది నలుపు విడిచింది. గాజు దగ్గరికొచ్చి ఆమె వేళ్లు కదిలిన వైపల్లా తిరిగింది.

యాదలక్ష్మి అది చూసింది. ఏదో లెక్క తప్పిందనిపించింది. అదేమిటో అప్పటికి అందలేదు.

*

వెంకట్రావు దుకాణం షట్టర్ సగం దించి ఉంది. బంద్ కాబట్టి బేరాల్లేవు. యాదలక్ష్మి వంగి లోపలికి దూరేసరికి, యాభై దాటిన బక్కమనిషి వెనక గది తలుపు మూయబోయాడు. ఆమె కాలు అడ్డం పెట్టింది.

లోపల ఒకటే ట్యాంకుకు దీపం వెలుగుతోంది. నీలంరంగు తల్లిచేప నిశ్చలంగా ఉంది. దాని రెండు పక్కలా దుమ్ము పట్టినట్టు ఏదో అంటుకుని ఉంది. పరీక్షగా చూస్తే ఆ దుమ్ము కదులుతోంది. వందల పిల్లలు, కళ్లూ తోకలూ తప్ప ఒళ్లు లేనట్టున్నవి, తల్లి చర్మాన్ని గీకుతున్నాయి.

"ఇది ఎవరి చేప?"

"నాదేనండి. మొన్న నా ట్యాంకులోనే గుడ్లు పెట్టింది."

"మొన్ననా?"

"అవునండి. మొన్న సాయంత్రం."

"మొన్న పెడితే ఇయ్యాళ్టికి గుడ్లే పగలవు గద వెంకట్రావుగారూ. పగిలినా పిల్లలు పొట్టకింద సొన సంచితోటి దిమ్మకు అంటుకొని ఉండాలె. ఇవి ఈతలు కొడుతున్నయి, తల్లి పాలు తాగుతున్నయి. మొన్న పుట్టి ఇయ్యాళ నడిచిన పిల్లను ఎక్కడన్న చూసిన్రా?"

వెంకట్రావు స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను దొంగతనం చెయ్యలేదండి."

"చక్రపాణి చచ్చిండు. చచ్చినాయన ట్యాంకుల చేప మీ ఇంట్ల ఉన్నది. పోలీసులు దొంగతనం కాడ ఆగుతరా?"

"చక్రపాణంటే నాకు కడుపుమంట. దాచనండి," అన్నాడాయన ఉన్నట్టుండి. "ఇద్దరం ఒకేసారి ఈ పనిలోకి దిగాం. నా ట్యాంకుల్లో గుడ్లు బూజు పట్టేవి. బూజు పట్టకపోతే తల్లే మింగేసేది. ఒక్క కాన్పు పిల్లల్నైనా దక్కించుకోలేకపోయాను. వాడింట్లో మాత్రం కాన్పు తర్వాత కాన్పు. పేపర్లలో ఫొటోలు, బహుమతులు. నిద్ర పట్టేది కాదు. కానీ మేడమ్, వాడికి నీళ్లుంటే చాలు బతికే గప్పీ చేపను పెంచడం కూడా చాతకాదు. అదంతా రత్నంగారి చెయ్యి."

"శేషారత్నం చెయ్యా?"

"పదేళ్లుగా ఆవిడదే. జతలు కలిపింది ఆవిడ. గుడ్లకు కాపలా కాసింది ఆవిడ. ఆ నీలం రంగు తెచ్చింది ఆవిడ. వాడు మైకు ముందు నిలబడేవాడు. వాడి అదృష్టం చూసి నేనేడ్చింది చేపల గురించి కాదండి, ఆ చెయ్యి వాడింట్లో ఉన్నందుకు."

మూలనుంచి వెలుగులోకొచ్చిన మగచేప యాదలక్ష్మి కళ్ల ముందు మెదిలింది. గదిలోకే పోననే మనిషిని చేప గుర్తుపట్టింది.

"తల్లిచేప మీ దగ్గరికి ఎట్ల వచ్చింది?"

"రత్నంగారే తెచ్చారు. నిన్న మధ్యాహ్నం కరెంటు లేనప్పుడు, ఆటోలో. కవరులో నీళ్లు, బ్యాటరీ పంపు, అంతా పద్ధతిగా. 'ఆ అమ్మాయి వచ్చి పిల్లల ట్యాంకులో చెయ్యి పెడుతుంది, పని అయ్యేదాకా నా పిల్లలు ఇక్కడ ఉండనీ, సాయంత్రం పట్టుకెళ్తా' అన్నారు. తర్వాత చక్రపాణి కబురు తెలిసింది. ఆవిడ రాలేదు. నేనూ చెప్పలేదు. ఒక్కసారైనా నా ట్యాంకులో..." తల వంచుకున్నాడు. "జనం చూసి, వెంకట్రావు పెంచాడు అంటారనుకున్నా."

యాదలక్ష్మికి ఆ చివరి మాటలు వినిపించలేదు. కరెంటు లేని వేళ శేషారత్నం హీటరు పగలగొట్టింది. పిల్లలకు గుచ్చుకోకుండా అలవాటు కొద్దీ ముక్కలన్నీ ఏరేసింది. పిల్లల్ని తల్లితో సహా ఇక్కడికి చేర్చి, పొద్దున్నే వెళ్లానన్న అక్క ఇంటికి అప్పుడు వెళ్లింది. ఆ వేళకు చక్రపాణి దుకాణంలో ఉండాలి. ట్యాంకు కడగాల్సింది తేజస్విని. బస్సుల్లేక తేజస్విని రాలేదు. షట్టర్ దించేస్తే చక్రపాణి ఇంటికొచ్చాడు. కరెంటొచ్చాక చూస్తే ట్యాంకు ఖాళీ. పిల్లలేమయ్యాయోనని చెయ్యి పెట్టాడు.

ఆ ఉచ్చు భర్తకు కాదు.

తనను వెంకట్రావు మీదికి తోలి, మగచేపను బకెట్లోకి తీసిపెడతానందావిడ! ఈసారి పగిలేది ఆ ట్యాంకు హీటరు.

యాదలక్ష్మి ఫోను తీసి ఇందాక రాసుకున్న తేజస్విని నంబరు నొక్కింది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ నొక్కింది. బయట స్కూటరుందిగానీ మెయిన్ రోడ్డు నిండా జనం, డప్పులు, 'జై తెలంగాణ' నినాదాలు. ఎల్బీనగర్ చేరేసరికి అంతా అయిపోతుంది.

ఇంకో నంబరే మిగిలింది. ఆ నంబరుకు ఫోను చేయాల్సిన రోజు రాకూడదని ఇన్నేళ్లూ కోరుకుంది.

"విశ్వేశ్వర్, ఏడున్నవు?"

"ఈ ఇంటి గేటు కాడనే. చానెల్ వాళ్లు వస్తున్నరు. ఏంది?"

"లోపటికి ఉరుకు. మెయిన్ దించు."

"నీ నాటకాలు ఇంతకుముందే చూసిన."

"చక్రపాణిని చంపింది శేషారత్నం. ఇప్పుడు ఆ అమ్మాయి ట్యాంకుల చెయ్యి పెడుతున్నది. దించు!"

"చానెల్ వాళ్ల ముందట నన్ను పిచ్చోన్ని చేద్దామనుకున్నవా? నీ మాట మీద..."

ఎన్నేళ్ల మంటో ఒక్కసారి గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగింది.

"కేసు నీదే విశ్వేశ్వర్. పట్టుకున్నది నువ్వేనని చెప్పుకో. నా పేరు ఎత్తకు. నేను ఎన్నడూ ఎత్త. ముందుగాల మెయిన్ దించు."

అటు నుంచి బూట్ల చప్పుడు. పరుగు. ఏదో కిందపడింది. టప్‌మని స్విచ్ దిగిన శబ్దం. వెంటనే ఒక ఆడపిల్ల కేక.

"విశ్వేశ్వర్!"

"దించిన," అన్నాడాయన, రొప్పుతూ. "చెయ్యి నీళ్లకు జానెడు దూరంల ఉండె. ఈ హీటరు గూడ పగిలి ఉన్నది. పిల్ల జడుసుకున్నది, అంతే. బతికే ఉన్నది."

*

సందుల్లోంచి సందుల్లోకి తిరిగి యాదలక్ష్మి వచ్చేసరికి గేటు ముందు కెమెరాలున్నాయి. హాల్లో మహిళా కానిస్టేబుల్ పక్కన శేషారత్నం కూర్చుంది. అరిచి గోల చెయ్యలేదు. కాదనీ అనలేదు.

"ఆయన మీద కోపం లేదండి," అంది యాదలక్ష్మితో, పక్కింటావిడతో మాట్లాడుతున్నట్టు. "ఆయన పేరు పెట్టుకున్నా ఊరుకునేదాన్నేమో. మొగుడు కదా. పదేళ్లు ఊరుకున్నాను. నిన్నగాక మొన్నొచ్చి ఫొటోలు తీసిన పిల్ల పేరు పెట్టారు. నేను గుడ్డు గుడ్డుకీ కాపలా కాసి పెంచుకున్న పిల్లలకి. ఆ ఫ్లెక్సీ నాతోనే కట్టించారు, మేకులు అందించమని. ఖాళీ ట్యాంకు చూసి వెతుక్కున్నారు పాపం. ఆయనొస్తారని నేననుకోలేదు."

ఆ మంట ఎలా ఉంటుందో యాదలక్ష్మికి ఎవరూ చెప్పక్కర్లేదు. తను మాత్రం దానితో మనిషిని చంపలేదు. ఉద్యోగం చంపుకుంది.

బయట విశ్వేశ్వరరావు కెమెరాల ముందు గొంతు సవరించుకున్నాడు. "మా దర్యాప్తులో మొదటి నుంచీ అనుమానం ఇంటిమనిషి మీదనే ఉన్నది. సాయినాథ్ అనే విద్యార్థిని ఈ సాయంత్రమే విడిచిపెడుతున్నం." గేటు అవతల మౌనిక ఆ మాట విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. విశ్వేశ్వరరావు ఒక్క క్షణం యాదలక్ష్మి వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. మాట ఇచ్చింది గనక ఆమె కదలలేదు. మండింది. మండనిచ్చింది.

శేషారత్నాన్ని జీపెక్కిస్తుండగా విలేకరులు తేజస్వినిని చుట్టుముట్టారు. ఒకడు మైకు ముందుకు చాపి అడిగాడు. "అమ్మా, ఈ కొత్తరకం చేపను సృష్టించింది మీరేనటగా? మీ పేరే పెట్టారటగా?"

తేజస్విని జీపు వైపు చూసింది. ఆ చూపులో భయం ఉంది. కోపమూ ఉంది.

"నేను ఫొటోలు తీశానండి," అంది చివరికి. "చక్రపాణిగారు బహుమతులు తీసుకున్నారు. పెంచింది మేమిద్దరం కాదు. ఆవిడ. శేషారత్నంగారు. ఆ చేపకు పేరంటూ ఉంటే అది ఆవిడదే. ఇది మాత్రం కట్ చెయ్యకుండా వెయ్యండి."

కెమెరాలన్నీ ఒక్కసారిగా జీపు వైపు తిరిగాయి.

భర్త శవాన్ని చూసి కూడా ఏడవని శేషారత్నం, జీపు ఊచలు రెండు చేతులతో పట్టుకుని, అంతమంది ముందు గట్టిగా ఏడ్చింది.